మునిగిన ముక్క

"అక్కా! కర్ర వణుకుతున్నాది! సేతిలో నిలబడ్డం నేదు!"

వాకీటాకీలో తమ్ముడు చిన్నబ్బాయి కేక విని సూర్యావతి తలెత్తింది. నాగావళి మలుపు దగ్గర నుంచి ఎయిర్‌స్ట్రిప్ వైపు తిరిగింది తెల్లటి చిన్న విమానం. దాని కుడి రెక్క వెనకంచున ఏదో పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటోంది. కింద నుంచి చూస్తేనే అంత తెలుస్తోందంటే, పైన ఆ నడిపే కర్ర పట్టుకుని కూర్చున్నవాడి పళ్లు పటపటలాడుతూ ఉండాలి.

"స్పీడు తగ్గించరా! ఇంజిన్ తగ్గించి ముక్కు కొంచెం పైకెత్తు. గబుక్కున ఏదీ తిప్పకు!"

"ఇంకో రౌండు తిరగమను," అన్నాడు పక్కనే నిలబడ్డ చంద్రశేఖరం. బైనాక్యులర్స్ కళ్లకి ఆనించుకునే ఉన్నాడు కానీ, ఆయన చూస్తున్నది ఆకాశంలోకి కాదు, రోడ్డు వైపు. "ముఖ్య అతిథి గారి జీపు గేటు దాకా వచ్చింది. ఆయన దిగేవేళకి మనవాడు నెత్తిమీద నుంచి వెళ్తే ఫొటో దివ్యంగా ఉంటుంది."

సూర్యావతి ఆయన్ని ఓ చూపు చూసింది. కొరాపుట్ కొండమీది ఇంజిన్ల ఫ్యాక్టరీలో, ఆ చూపుకి బీకర్లు జారవిడిచిన లాబ్ అసిస్టెంట్లు ఉన్నారు. చంద్రశేఖరం అదే ఫ్యాక్టరీలో పెద్ద మేనేజరు, ఈ విమానాల క్లబ్బుకి అధ్యక్షుడు. విమానం కట్టిన ఇన్నేళ్లలో ఆయన చేసిన పనల్లా దాని ముందు నిలబడడం.

"ఇంకో రౌండు తిరిగితే ఫొటోలో రెక్క ఉండదు సార్," అని ఆవిడ మళ్లీ వాకీటాకీ నోటికి పెట్టుకుంది. "ఒరే, తగ్గిందా?"

"తగ్గినాది. కానీ కుడిపక్కకి ఏటీ పలకడం నేదక్కా. కర్ర ఉత్తినే తిరుగుతున్నాది."

"సరే. ఇంక తిప్పకు. ఎలా ఉందో అలాగే దిగిపో. స్ట్రిప్ దాటిపోయినా పరవాలేదు."

విమానం స్ట్రిప్ దాటిపోయింది. సగం దూరం గాలిలోనే మింగేసి, చివర తారు మీద ఓసారి ఎగిరిపడి, కంచె తెంచుకుని మొక్కజొన్న చేలోకి దూరింది. గట్టు తగిలి ముందు చక్రం విరిగింది. అందరికంటే ముందు పరుగెత్తింది సూర్యావతే. వెనక నుంచి స్వీటు పొట్లాల బుట్ట పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు పెయింట్ల వ్యాపారి కూర్మారావు, క్లబ్బు ఖజాంచీ. ప్రాణం పోయే చోటుకి కూడా మిఠాయి వదలకుండా వచ్చే మనిషి.

చిన్నబ్బాయి బతికే ఉన్నాడు. ఎడమ మోకాలి కింద కాలు మాత్రం ఉండవలసిన దిక్కులో లేదు.

"ఏటైనాదిరా?" అంది సూర్యావతి.

"ఏటీ కానేదు," అన్నాడు వాడు పళ్లు కరుచుకుని. ఆవిడ మొహం వైపు చూడలేదు.

*

క్లబ్బుది ఫ్యాక్టరీలో కట్టిన విమానం కాదు. ఆదివారాల విమానం. రాయగడ పొలిమేరలో వాడకం తగ్గిపోయిన ఎయిర్‌స్ట్రిప్ పక్కన ఓ పాత గోదాములో, నురుగు దిమ్మల్ని వేడి తీగతో రెక్కల ఆకారంలో కోసి, వాటి మీద గాజు గుడ్డ పరిచి, ఎపాక్సీ రెజిన్ పూసి ఆరబెట్టి తయారుచేశారు. చిన్నబ్బాయి ఊళ్లో మిల్లులో టెక్నీషియను. భువనేశ్వర్ వెళ్లి విమానం నడిపే లైసెన్సు తెచ్చుకున్నాడు. సూర్యావతి వాల్తేరులో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి, కొరాపుట్ ఫ్యాక్టరీ లాబ్‌లో అంటుకునేవీ అంటుకోనివీ పరీక్షిస్తూ, శనివారం బస్సెక్కి రాయగడలో అమ్మ దగ్గరికి వస్తుంది.

గాజు గుడ్డ ఆరాక దాని మీద నేత చారలు, సన్నటి గుంటలు మిగులుతాయి. వాటిని పూడ్చి నున్నగా చేసే పూతే ఫిల్లర్. ఏ ఫిల్లర్ వాడాలన్న దగ్గర క్లబ్బు క్లబ్బంతా కొట్టుకుంది. కూర్మారావు తన కొట్లోని లారీ పుట్టీ తెచ్చాడు. "ఇది పూసిన బస్సులు లమ్తపుట్ ఘాటీ ఎక్కి దిగుతున్నాయమ్మా, నీ ఈగ రెక్కకి సరిపోదేటి?" అన్నాడు. సూర్యావతి ఆ డబ్బాని గోదాము బయటికి విసిరేసింది. తను తెప్పించిన గాజు బుడగల పొడిని రెజిన్‌లో కలిపింది. ఆ పొడి చేతిలో పోసుకుంటే ఊదితే పోయేంత తేలిక. ముద్ద గరిటె మీద నుంచి జారకూడదు, అంత గట్టిగా ఉండాలి. దాన్ని క్లబ్బులో మైక్రో అనేవారు. పూసి, రోజుల తరబడి ఆరనిచ్చి, పొడుగాటి చెక్కకి సాండ్‌పేపరు అతికించి రుద్దితే సగం పైగా నేల మీద దుమ్మయి పోతుంది. మిగిలింది రెక్క మీద ఉన్నట్టే తెలియదు.

"ఇంత శ్రమపడి పూసింది మళ్లీ ఊడదీయడానికా?" అని ఓసారి అడిగాడు చంద్రశేఖరం.

"అవును సార్. మనుషుల్లాగే, ఇక్కడ కూడా ఎక్కువైందంతా గీకెయ్యాలి," అంది సూర్యావతి.

అలాంటి నోరు ఆవిడది. అందుకే ఇవాళ, మొక్కజొన్న చేలో విరిగిన విమానం చుట్టూ మూగిన వాళ్లలో ఆవిడ వైపు జాలిగా చూసిన మొహం ఒక్కటీ లేదు.

చిన్నబ్బాయిని జీపులో ఆసుపత్రికి పంపేశారు. ముఖ్య అతిథి వచ్చిన జీపులోనే వెనక్కి మళ్లాడు. చంద్రశేఖరం కుడి రెక్క దగ్గర వంగి చూశాడు. రెక్క వెనకంచున కదిలే పలక, ఐలరాన్, ఒక్క కీలు మీద వేలాడుతోంది. దాని మీది తెల్లటి పూత పగిలి, పాత గోడ పెచ్చుల్లా ఊడివస్తోంది. ఆయన ఓ పెచ్చు ఊడదీసి అందరికీ కనబడేలా పైకెత్తాడు.

"ఇదీ కారణం. ఫిల్లర్ పట్టలేదు. ఫిల్లర్ ఎవరి ఎంపిక? సూర్యావతిది. కలిపిందెవరు? సూర్యావతి. సొంత తమ్ముడన్న కనికరమైనా లేకుండా..."

"ఇలా ఇవ్వండి."

పెచ్చు ఆవిడ అరచేతిలో పడింది. మొదట ఆవిడకి తెలిసింది దాని బరువు. నిజంగా నేను కలిపిందేనా? తేమకి చెడిపోయిందా? నా ముద్దే నా తమ్ముణ్ణి చంపబోయిందా? ఈ ముసలి నెమళ్లు ఏమనుకుంటే ఆవిడకి ఒరిగేదేం లేదు. కానీ ఆ ఒక్క మాట నిజమైతే మాత్రం ఆవిడ ఇంకెప్పుడూ ఓ గిన్నె చేతబట్టి గరిటె తిప్పలేదు.

స్ట్రిప్ చివర కొక్కేలకి నిప్పు ఆర్పే బకెట్లు వేలాడుతున్నాయి. నీళ్లున్న బకెట్ దగ్గరికి వెళ్లింది. పెచ్చు వెనక అంటుకున్న గాజు పీచుని గోటితో గీకేసి, ఉత్త పూత ముక్కని విరిచి నీళ్లలో వేసింది.

బుడుంగున మునిగింది.

వెనక్కి నడిచి, రెక్క మధ్య భాగంలో ఎక్కడా చెక్కుచెదరని పూతని చాకుతో తవ్వి ఓ ముక్క తీసింది. అది కూడా బకెట్‌లో వేసింది. అది తామరాకు మీద చీమలా తేలుతూ నిలబడింది.

"వోలమ్మో!" అన్నాడు కూర్మారావు.

"తేలింది నాది," అంది సూర్యావతి. "మునిగింది లారీ పుట్టీ. రెక్కంతా నాదే, ఐలరాన్ మీద మాత్రం కాదు. ఐలరాన్ తన కీలు మీద తూకంగా ఉండాలి. వెనకంచు బరువెక్కితే గాలి వేగానికి జెండాలా కొట్టుకుని కీళ్లు పీక్కుంటుంది. ఇప్పుడు మీరు చూసింది అదే. ఎవరో నాకు తెలీకుండా ఐలరాన్లు విప్పి, బస్సుకి పూసినట్టు పుట్టీ పూయించి మళ్లీ బిగించారు."

"గారడీ బాగుంది," అన్నాడు చంద్రశేఖరం. "ఆ ఎవరో నువ్వే ఎందుకు కాకూడదు? నీ మైక్రో ఆరక, విశ్వకర్మ పూజ ముంచుకొచ్చి, గుట్టుగా పుట్టీ కొట్టుంటావు. సాయంత్రం గెస్ట్‌హౌస్‌లో కమిటీ కూర్చుంటుంది. రిపోర్టులో నీ పేరు రాస్తాను. మీ లాబ్ అధికారికీ ఓ కాపీ వెళ్తుంది."

"పేరు రాయకుండా చోటు వదిలెయ్యండి సార్. సాయంత్రానికి అందులో పెట్టాల్సిన పేరు నేను పట్టుకొస్తాను."

*

మొదట దొరికినవాడు భీమారావు. మిల్లులో ఇన్‌స్పెక్టరు, క్లబ్బులో తూకాలూ కొలతలూ ఆయనవి. గోదాములో విశ్వకర్మ విగ్రహం ఎదుట కూర్చుని బొట్టు పెట్టుకుంటున్నాడు. నిన్న పూజ, ఇవాళ మధ్యాహ్నం నాగావళిలో నిమజ్జనం. విగ్రహం కాళ్ల దగ్గర సుత్తులూ పానాలూ కుంకుమ పెట్టుకుని నిద్రపోతున్నాయి. వాటి మధ్య బంతిపూల దండ వేసుకుని ఐలరాన్లు తూచే తక్కెడ.

"పొద్దున్న నేను బస్సు దిగి మొదట మిమ్మల్నే అడిగాను. ఐలరాన్లు తూచారా అంటే తూచేమన్నారు."

"తూచేను కదమ్మా. పూజకి ముందు వారం తూచేను. నా సేత్తో."

"నిన్న మళ్లీ?"

భీమారావు ఆవిడ అడగరానిదేదో అడిగినట్టు చూశాడు. "నిన్న పనిముట్టు ముట్టుకుంటారేటి? తక్కెడ పూజలో ఉన్నాది. నిమజ్జనం అవ్వాల, అప్పుడు తియ్యాల. ఒడియా వాళ్ల షాపుల్లో కూడా అంతే, నువ్వెరగవా?"

"మరి ఇవాళ విమానం ఎగరేశారే? అది పనిముట్టు కాదా?"

"అది పని కాదమ్మా, ఊరేగింపు. శేఖరం గారు అలాగే సెలవిచ్చేరు."

సూర్యావతి ఓ క్షణం ఆ విగ్రహం వైపే చూసింది. నాలుగు చేతులున్న దేవుడికి ఒక చేత్తోనైనా వీళ్ల చెంప పగలగొట్టాలని అనిపించలేదు కాబోలు.

"తక్కెడ తాకితే దేవుడికి కోపం వస్తుంది. తూచకుండా మనిషిని గాల్లోకి పంపితే రాదు. బాగుంది భీమారావుగారూ. కుంకం ఇంకొంచెం పెట్టుకోండి, మొహాన ఏదీ కనబడకుండా."

తర్వాత కూర్మారావు కొట్టు. ఆయన పార్వతీపురం నుంచి వచ్చి రాయగడలో స్థిరపడ్డ మూడో తరం. కొట్టు ముందు పుట్టీ డబ్బాలు గోపురంలా పేర్చి ఉన్నాయి.

"నా మీద అనుమానమేటమ్మా?" అన్నాడు కూర్మారావు అప్పటికే చెమటలు కక్కుతూ. "అమ్మేను. పూజ ముందు ఈ ఊళ్లో పుట్టీ కొనని లారీ ఓనరున్నాడేటి? కల్యాణసింగ్‌పూర్ జీపుల వాళ్లు కూడా నా దగ్గరే కొంటారు. పూజకి బండి మెరవాల. అదిక్కడి రివాజు."

"అమ్మడం ఎవరైనా అమ్ముతారు. మీరు పుయ్యలేరు, మీ చేతులు స్వీటు పొట్లాలకే సరిపోయాయి. అంత సన్నటి అంచుకి గీత తేలకుండా పూసే చెయ్యి ఈ ఊళ్లో ఎవరిది?"

కూర్మారావు బతికిపోయాననుకున్నాడు. "రైలు గేటు అవతల రాముడనీ, లారీలకి నెమళ్లూ పులులూ గీస్తాడు. ఆడొక్కడే."

*

రైలు గేటుకి వెళ్లే దారిలోనే ఆసుపత్రి. తమ్ముణ్ణి చూసి పోదామని లోపలికి వెళ్లింది.

వార్డులో సగం రాయగడ ఉంది. చిన్నబ్బాయి మెడలో మూడు నాలుగు దండలు. కాలికి పిండికట్టు. రెక్క ఊడినా విమానాన్ని దింపిన వీరుడని మిల్లు కుర్రాళ్లు కిటికీల్లోంచి తొంగి చూస్తున్నారు. తల్లి అప్పలకొండమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని వచ్చిన ప్రతివాళ్లకీ మొదటి నుంచీ కథ చెబుతోంది. ఆవిడ కథలో విమానం ఇప్పటికే రెండుసార్లు మబ్బుల్లోకి వెళ్లొచ్చింది.

"నీ వల్లేనంట కదే అమ్మీ?" అంది కూతుర్ని చూడగానే. "నువ్వు రాసిన పూతేదో ఊడిపోనాదంట. ఆ శేఖరం గారి డ్రైవరు సెప్పేడు."

"డ్రైవరుకి గేర్లు వేయడమే రాదు. ఫిల్లర్ గురించి వాడు చెప్పాడా?"

చిన్నబ్బాయి పక్కకి తిరిగి గోడ చూస్తున్నాడు. "ఒగ్గేయక్కా. అయినదేటో అయినాది. నేను బతికేను కదా. ఎవల్నీ ఏటనొద్దు."

"నువ్వు బతికావు. ఇప్పుడు నా సంగతి చూడాలి. పుట్టీ ఎవరు పూయించారో పట్టుకుంటాను."

"పట్టుకుని ఏటి సేస్తావు?" వాడి గొంతు సన్నగిల్లింది.

"ఊరందరి ముందూ పేరు పెట్టి పిలుస్తాను."

ఆవిడ తలుపు దగ్గరికి వచ్చేసరికి తల్లి వెనక నుంచి కేకేసింది. "అమ్మీ, ఇంటికెళ్తే దుప్పటి పంపు. ఇక్కడ సలి కొడతన్నాది. బొంత తెద్దామంటే కనబడ్డం నేదు, పూజ ముందు నుంచీ వెతుకుతున్నాను. నువ్వు గానీ కొరాపుట్ తీసుకెళ్లిపోనావేటి?"

"నేనెందుకు తీసుకెళ్తాను?" అని సూర్యావతి వెళ్లిపోయింది.

*

రాముడి షెడ్డు ముందు సగం పులి ఉన్న లారీ నిలబడి ఉంది. ముందు కాళ్లు, మూతి అయ్యాయి, వెనక భాగం ఇంకా డబ్బాలో ఉంది. రాముడు బీడీ ఆర్పి లేచాడు.

"రెండు పలకలు వచ్చేయి, అవునమ్మా. పూజకి ముందు రోజు. ఇంతింత పొడుగు. లోన నురుగంట, ఉఫ్ మంటే ఎగిరిపోయేలా ఉన్నాయి. ఏటి బాబూ ఇవి అంటే, గాలిమర రెక్కలు అన్నాడు."

"పుట్టీ ఎందుకు పూయమన్నాడు?"

"పైన సన్న సన్న గుంటలున్నాయి, మసూచి మచ్చల్లాగ. అద్దంలాగ కావాలన్నాడు. మామూలుగా ఆరే మందు ఈ ముసురులో ఆరదు, మా పుట్టీ అయితే టీ తాగొచ్చేసరికి రాయి అన్నాను. సరే అన్నాడు. కుడి దానికి కొంచెం పల్లమున్నాది, దళసరిగా పట్టించేను." రాముడు తన పనితనం తలుచుకుని మురిశాడు. "బరువెక్కుద్ది బాబూ అన్నాను. పోన్లే, గాలికి ఎగిరిపోకుండా ఉంటాదని నేనే అన్నాను. ఆయన నవ్వేడు."

"నవ్వాడా?"

"నవ్వేడు. కానీ పాపం, గుండెల్లో ఏటో ఉన్నట్టు నవ్వేడు."

బరువు గురించి బస్సులు పూసేవాడు నోరు తెరిచి చెప్పాడు. విన్నవాడు నవ్వి తీసుకెళ్లాడు. అంతటి వెధవ క్లబ్బులో ఎవడా అని సూర్యావతి మనసులో ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి చూస్తోంది. "ఏమిటి అతని పేరు?"

"నానడగనేదమ్మా. పూజ ముందు మాకు పేర్లు అడిగే తీరికుంటాదా? ఇదుగో, ఇందులో సుట్టి తెచ్చేడు. పట్టుకెళ్లేప్పుడు ఒగ్గేసి ఎల్లిపోనాడు. మెత్తగా ఉన్నాదని బల్ల మీద పరిచేను."

సూర్యావతి బల్ల వైపు చూసింది.

బల్ల మీద బొంత పరిచి ఉంది. అంచుల దగ్గర పుట్టీ చుక్కలు గట్టిపడ్డాయి. మధ్యలో నీలం రంగు స్కూలు గౌను ముక్క, దాని పక్కన తండ్రి పంచె అంచు, ఆ పైన చిన్నబ్బాయి చిన్నప్పటి చొక్కా జేబు. ఆ జేబులో వాడు గోళీలు దాచుకునేవాడు. వాటిని మళ్లీ తీయడం మరిచిపోయే అప్పలకొండమ్మ కుట్టేసింది. సూర్యావతి చేయిపెట్టి చూసింది. గుడ్డ కింద గుండ్రంగా ఓ గోళీ తగిలింది.

"అమ్మా, నీది గానీ?" అన్నాడు రాముడు.

ఆవిడ బొంత లాగి మడతపెట్టింది. వచ్చిన దారినే ఆసుపత్రి వైపు నడిచింది.

*

వార్డులో జనం పలచబడ్డారు. అప్పలకొండమ్మ టీ కోసం వెళ్లింది. సూర్యావతి బొంతని తమ్ముడి పిండికట్టు మీద పడేసింది.

చిన్నబ్బాయి కళ్లు మూసుకున్నాడు.

"నిద్ర నటించకు. నీకది కూడా రాదు."

"అక్కా..."

"ఐలరాన్లు తూకం తప్పితే ఏమవుతుందో నీకు తెలీదా? భువనేశ్వర్‌లో ఏం నేర్పారు నీకు? టోపీ పెట్టుకోవడమా?"

"తెలుసు. పలచగా పూస్తాడు, పరవానేదనుకున్నాను. తూయించేద్దామనే అనుకున్నాను, తక్కెడ అప్పటికే పీట మీద పెట్టీసేరు. భీమారావు బాబాయి సెయ్యెట్టనివ్వలేదు."

"ఎందుకు చేశావురా?"

వాడి మొహంలో అప్పుడు మొదటిసారి కోపం కనబడింది. "నీ నోటికి బయపడి! ఆ ఐలరాన్లకి మైక్రో పూసింది నేను. గుంటలు మిగిలిపోనాయి. నువ్వేటన్నావు? అందరి ముందూ? గేదె చర్మం అన్నావు. ఫొటోలో నీ రెక్కలు నిగనిగలాడతాయి, నా ముక్కలు గేదె చర్మంలాగ ఉంటాయి. మళ్లీ పూయమని నిన్నడిగితే, ముసురు ఆగేదాకా ఆరదు, అతిథులు రాకపోతే పీడాపోయింది అంటావు. ఒక్కసారైనా నువ్వు నవ్వకుండా ఉండాలని..."

"గేదె చర్మం విమానాన్ని దింపుతుంది. లారీ పుట్టీ చేలోకి దింపుతుంది," అంది సూర్యావతి. కానీ ఆ మాట ఎప్పటిలా చివర మెరవలేదు.

వాడు చెయ్యి పట్టుకున్నాడు. "సెప్పకక్కా. లైసెన్సు పోద్ది. ఎగరడం తప్ప నాకేటీ రాదు. శేఖరం గారు నిన్నేం సెయ్యలేరు. ఎవరో ఏదో సేసేరని ఒగ్గేయ్."

టీ గ్లాసులతో తల్లి వస్తున్న చప్పుడైంది. సూర్యావతి బొంత తీసి చంకన పెట్టుకుంది.

*

గెస్ట్‌హౌస్ వరండాలో కుర్చీలు వేశారు. చంద్రశేఖరం మధ్యలో, భీమారావు ఒక పక్క, ఖాళీ అయిన స్వీటు బుట్టతో కూర్మారావు ఇంకో పక్క. మెట్ల కింద మిల్లు కుర్రాళ్లు గుంపుగా నిలబడ్డారు. గుంపు ముందు నేల మీద గొంతుకూర్చుని ఉన్నాడు రాముడు. పక్కన ఓ కానిస్టేబులు.

"రా సూర్యావతీ," అన్నాడు చంద్రశేఖరం, పెళ్లి పందిట్లో ఆహ్వానించినట్టు. "నీకు శ్రమ తప్పింది. కూర్మారావు గారు చెప్పారు, నువ్వు వీడి దగ్గరికి వెళ్లావని. మనిషిని పంపి పట్టించాం. పుట్టీ పూసింది తనేనని ఒప్పుకున్నాడు. ఇంక నీ మీద ఏ మచ్చా లేదు. నీ మైక్రో తేలింది, అందరం చూశాం."

"పొద్దున్న గారడీ అన్నారు."

"ఆవేశంలో ఎన్నో అంటాం. రిపోర్టులో ఇలా రాస్తున్నాను. గుర్తు తెలియని దుండగులు కుట్ర పన్ని, ఈ పెయింటర్ చేత..."

"కుట్రా?"

"మరి కాదూ? అధ్యక్షుణ్ణి నేనున్నాను కదా. నా మీద అసూయపడేవాళ్లు ఎందరో."

రాముడు చేతులు జోడించాడు. "బాబూ, నాకేటీ తెలవదు. పలకలన్నాడు, పూసేను. ఆ బాబుని సూపిత్తే గుర్తుపడతాను."

"నోర్ముయ్," అన్నాడు కానిస్టేబులు.

"పోనీ పోలీసులు ఈడికి రెండు తగిలిస్తే పేరు అదే వస్తాది," అన్నాడు భీమారావు. పొద్దున్న పెట్టిన కుంకం ఇంకా నుదుట చెదరలేదు.

సూర్యావతి ఒక్కొక్క మొహమే చూసింది. తక్కెడకి మొక్కి మనిషిని మరిచినవాడు. ఎవరు కొన్నారో తెలియకుండా అమ్మి, ఎవరు పూశారో చూపించి తప్పుకున్నవాడు. తన మీద అసూయతో రెక్కలు ఊడతాయనుకునేవాడు. వీళ్ల చేతిలో తన పేరు ఇప్పుడు తెల్లగా ఉంది. నోరు మూసుకుంటే చాలు. తన మైక్రో తేలింది, తమ్ముడి లైసెన్సు నిలుస్తుంది. మునిగేది నేల మీద కూర్చున్నవాడొక్కడే. బరువెక్కుతుంది బాబూ అని ఈ ఊరు మొత్తంలో చెప్పినవాడు కూడా వాడొక్కడే.

రేపు కాలు కట్టు విప్పాక ఆసుపత్రిలో పడుకున్నవాడు మళ్లీ ఎక్కుతాడు. ఎడమ ఐలరాన్ మీద పుట్టీ ఇంకా ఉంది. దాని గురించి ఈ వరండాలో ఒక్కడూ అడగలేదు.

"సంతకం ఇక్కడ పెట్టమ్మా," అని చంద్రశేఖరం కాగితం జరిపాడు. "అందరికీ క్షేమం."

ఆవిడ కాగితం మీద బొంత పరిచింది. సిరాబుడ్డి దొర్లి ఆయన తెల్ల ప్యాంటు మీద ఒలికింది. ఆయన కుర్చీ తోసుకుని లేచాడు.

"ఏమిటీ చెత్త?"

"మా అమ్మ కుట్టిన బొంత. ఆ పలకలు ఇందులో చుట్టుకుని వచ్చాయి రాముడి షెడ్డుకి. దుండగులూ లేరు, కుట్రా లేదు. మీ మీద అసూయపడేంత ఖాళీ రాయగడలో ఎవరికీ లేదు సార్."

మెట్ల కింద గుసగుసలు ఆగిపోయాయి. కూర్మారావు బొంత వైపు, ఆవిడ వైపు, మళ్లీ బొంత వైపు చూశాడు. అతనికి అర్థమైపోయింది. తల అడ్డంగా ఊపాడు. "వొద్దమ్మా," అన్నాడు మెల్లగా. "ఇంటి గుట్టు..."

"పెయింటర్ని వదిలెయ్యండి," అంది సూర్యావతి కానిస్టేబులుతో. "అతను తనకొచ్చిన పని చేశాడు. బరువు గురించి కూడా చెప్పాడు. విన్నవాడే వినలేదు."

"ఎవరు?" అన్నాడు చంద్రశేఖరం సిరా తుడుచుకుంటూ. "పొద్దుట్నుంచి ఊరిస్తున్నావు. ధైర్యముంటే పేరు చెప్పు."

ఆవిడ చెయ్యి బొంత మీద కదిలి, చొక్కా జేబు కింద ఉన్న గోళీ దగ్గర ఆగింది. అప్పుడు తలెత్తి, మెట్ల కింద ఆఖరి మనిషికి కూడా వినబడేంత గట్టిగా చెప్పింది.

"చిన్నబ్బాయి. మా తమ్ముడు చిన్నబ్బాయి."